గింజ చల్లే రోజు నుంచి వెనక్కి లెక్కపెట్టండి

ప్రశ్న: మా ఇంటి ముందు 120 చదరపు మీటర్ల లాన్ ఉంది. టాల్ ఫెస్క్యూ గడ్డి. ఈ ఎండలకి బాగా పలచబడింది. ఆ సందుల్లో కలుపు వచ్చి కూర్చుంది. పసుపుపచ్చ పువ్వుల డాండిలయన్, నేల మీద పాకే క్లోవర్, అక్కడక్కడా తుంగ, దారి వారన క్రాబ్‌గ్రాస్, ఒక మూల గరిక. ఎండలు తగ్గుతున్నాయి కదా, పైన కొత్త గింజ చల్లుదామని 5 కిలోల సంచి కొన్నాం. గొడవ అక్కడే మొదలైంది. మావారు రెండు కలుపు మందు డబ్బాలు తెచ్చారు. ఒకటి వెడల్పాకు కలుపుకి. రెండోదాని మీద ‘ఏడాది దాకా ఏదీ మొలవదు’ అని రాసుంది. ఒకరోజు మందు కొట్టేసి మర్నాడు గింజ చల్లేద్దాం అంటారాయన. మందే వద్దు, చేత్తో పీకేద్దాం అంటాను నేను. పిల్లలు ఆడుకునే చోటు, పైగా ఇంట్లో కుక్క ఉంది. ఇంకో 12 రోజుల్లో చల్లాలని అనుకుంటున్నాం. ఇద్దరిలో ఎవరిది రైటో మీరే చెప్పండి.
ఒక పాఠకురాలు

సమాధానం: తీర్పు సంగతి తర్వాత. ముందు ఆ రెండో డబ్బాని తీసి పిల్లలకి అందని చోట తాళం వేసి పెట్టండి. ‘ఏదీ మొలవదు’ అన్నదాంట్లో మీరు కొన్న 5 కిలోల గింజా ఉంది.

ఇలాంటి డబ్బాల్లో సాధారణంగా ఒకటికి మించి మందులు కలిపి ఉంటాయి. మొదటిది గ్లైఫోసేట్. తగిలిన ప్రతి పచ్చటి ఆకు ద్వారా లోపలికి పోయి మొక్కని చంపుతుంది. మట్టిలో పడ్డాక మాత్రం రేణువులకి గట్టిగా అతుక్కుపోతుంది, ఇక వేర్ల జోలికి రాదు. అందుకే ఒట్టి గ్లైఫోసేట్ కొట్టిన చోట వారం తర్వాత గింజ వేసినా మొలుస్తుంది. దీనికి తోడుగా కలిపేది ఇమాజాపిర్ లాంటి మందు. అది మట్టిలో నెలల తరబడి ఉంటుంది, వేర్లు దాన్ని పీల్చుకుంటాయి. డబ్బాల పేర్లూ రంగులూ ఇంచుమించు ఒకేలా ఉంటాయి. తేడా అంతా వెనకాల చిన్న అక్షరాల్లో ఉంటుంది.

ఇది నేను డబ్బులు పోసి నేర్చుకున్న పాఠం. చాలా ఏళ్ల కిందట నడకదారి రాళ్ల సందుల్లో గడ్డి చావాలని అలాంటి మందే కొట్టాను. దారి కాస్త ఎత్తులో ఉండేది. రెండు రోజులకి వాన పడింది. దారి నుంచి లాన్‌లోకి నీళ్లు ఎటు పారాయో ఆ వంపు మొత్తం గోధుమ రంగు చారలా మారింది, ఎవరో వేలితో గీసినట్టు. అక్కడ మూడుసార్లు గింజ వేశాను. రెండుసార్లు మొలకే రాలేదు. మూడోసారి వచ్చింది గానీ, అప్పటికి ఏడాది దాటింది.

ఇప్పుడు మొదటి డబ్బా. లాన్ కోసం అమ్మే వెడల్పాకు మందుల్లో చాలావాటిలో 2,4-డి, మెకోప్రాప్, డైకాంబా అనే మూడూ కలిసి ఉంటాయి. వెనక చూడండి, ఈ పేర్లే కనిపించవచ్చు. మొక్కల్లో ఎదుగుదలని నడిపించే ఆక్సిన్ అనే హార్మోన్ ఉంటుంది కదా, ఈ మూడూ దానికి నకళ్లు. మందు పడ్డ డాండిలయన్‌ని మర్నాడు వంగి చూడండి. ఎండినట్టేమీ ఉండదు. పైగా బలం పట్టినట్టు ఆకులు లేచి నిలబడతాయి. కాడలు మెలిక తిరిగి, పువ్వు తల పక్కకి వాలిపోతుంది. ఎదుగుదల అదుపు తప్పి, ఆహారం మోసే గొట్టాలు మూసుకుపోయి, రెండు మూడు వారాల్లో మొక్క చస్తుంది. ఎదిగిన గడ్డి ఈ మందుని తట్టుకుంటుంది. ఈ డబ్బా గడ్డికి ఏమీ చెయ్యదు అని మీరూ, మీ వారూ అనుకుని ఉంటారు. ఎదిగిన గడ్డి మటుకు నిజమే. అప్పుడే మొలిచిన గడ్డికి ఆ శక్తి ఇంకా రాదు. వేరు దిగకముందే మట్టిలో ఈ మందు తగిలితే వేరు పొట్టిగా, గుబురుగా అయిపోయి మొలక అక్కడే ఆగిపోతుంది. ఇలాంటి డబ్బాల మీద గింజ వేయడానికి ముందు 3 నుంచి 4 వారాలు ఆగమని రాసి ఉండటం అందుకే. మీ డబ్బా మీద ‘రీసీడింగ్’ అనే ముక్క కింద ఏ అంకె ఉందో అదే మీకు వర్తిస్తుంది. నేను చెప్పే అంకె కన్నా అదే ఖాయం.

అంటే ‘ఇవాళ మందు, రేపు గింజ’ అన్న మీ వారి ప్లాన్ కుదరదు. 12 రోజుల గడువు కూడా చాలదు. అలాగని మందే వద్దన్న మీ మాట పూర్తిగా నెగ్గిందనీ అనుకోకండి. తుంగ దగ్గరా, గరిక దగ్గరా మీరూ ఓడిపోతారు. అది కాసేపట్లో.

ఇలాంటి ఉత్తరాలు ఏటా వస్తాయి. అందరూ అడిగేది ఒకటే, ఏ మందు కొట్టాలి అని. నేను తిరిగి అడిగేది, గింజ ఏ రోజు చల్లుతారు అని. ఫెస్క్యూ చల్లటి వాతావరణపు గడ్డి. మట్టి వేడి 10 నుంచి 18 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు బాగా మొలుస్తుంది, మొలకెత్తడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. ఆ తర్వాత చలి ముదిరేలోపు వేరు దిగాలి. అందుకని తొలి మంచు పేరుకునే రోజుకి కనీసం 45 రోజుల ముందు గింజ నేలలో ఉండాలని తోటపని వాళ్ల లెక్క. మీ దగ్గర ఆ రోజు మామూలుగా ఎప్పుడొస్తుందో చూసుకుని, అక్కడి నుంచి 45 రోజులు వెనక్కి రండి. గింజ చల్లడానికి ఆఖరి రోజు అదే. అక్కడి నుంచి ఇంకో 28 రోజులు వెనక్కి వస్తే వెడల్పాకు మందు కొట్టడానికి ఆఖరి రోజు తేలుతుంది. మొత్తం 73 రోజులు. ఇవాల్టి నుంచి తొలి మంచుకి అంతకన్నా ఎక్కువ రోజులుంటే ఇప్పుడే మందు కొట్టి, నెల ఆగి, గింజ చల్లవచ్చు. తక్కువుంటే మందు మానేయండి, గింజ మానకండి. గింజ అదును తప్పితే ఏడాది పోయినట్టే. డాండిలయన్‌ని మాత్రం తర్వాతైనా చంపొచ్చు, అది ఎక్కడికీ పారిపోదు.

దీంట్లో ఇంకో చిక్కుంది. పగటి ఎండ 30 డిగ్రీలకి చేరే రోజుల్లో ఈ మందులు కొడితే అసలే అలసిపోయిన ఫెస్క్యూకి దెబ్బ తగులుతుంది. నీళ్లు లేక వాడిన కలుపు కూడా మందుని సరిగ్గా లోపలికి తీసుకోదు. మీ దగ్గర ఎండలు ‘తగ్గుతున్నాయి’ అన్నారు, తగ్గాయి అనలేదు. మధ్యాహ్నం ఇంకా మండుతుంటే ఈ లెక్క అక్కడితో వదిలేయండి.

కలుపు ఎంత ఉందో కంటితో చూసి అంచనా వేయకండి. కోపంగా చూసేవాళ్లకి ఉన్నదానికి రెట్టింపు కనిపిస్తుంది, ఇది నా అనుభవం. ఒక పని చేయండి. లాన్‌కి ఈ మూల నుంచి ఆ మూలకి, మళ్లీ అడ్డంగా, మామూలుగా నడవండి. అడుగు వేసినప్పుడల్లా చెప్పు కొన కింద ఏముందో చూసి చీటీ మీద గీత గీయండి. గడ్డికి ఒకటి, కలుపుకి ఒకటి, ఖాళీ మట్టికి ఒకటి. ఓ 50 అడుగులు చాలు. వెడల్పాకు కలుపు మీద 10 లోపు పడితే దానికోసం లాన్ అంతా తడపక్కర్లేదు. 15కి అటూ ఇటూ ఉంటే ఆలోచించాలి. ఎందుకంటే క్లోవర్ దట్టంగా కమ్మిన చోట చల్లిన గింజ మట్టిని తాకదు, తాకినా మొలకకి వెలుతురు అందదు. గడ్డి మీద పడిన గీతలు సగానికి తగ్గితే అది పైన గింజ చల్లడంతో అయ్యే పని కాదు. మొత్తం చంపి కొత్తగా వేసుకోవాలి, అది వేరే ఉత్తరం. మీ వర్ణన చూస్తే అంతదాకా రాలేదు. దానికి లాన్ అంతా గ్లైఫోసేట్ కొట్టడమంటే ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నట్టు.

ఇంకో ప్రశ్న మిమ్మల్ని అడగాలి. మొన్న వసంతంలో క్రాబ్‌గ్రాస్ రాకుండా ఏమైనా గుళికలు చల్లారా? పెండిమిథాలిన్, ప్రొడయామిన్, డైథయోపిర్ లాంటివి మట్టి పై పొరలో పరుచుకుని, మొలిచే ప్రతి గడ్డి గింజనీ వేరు దగ్గరే ఆపేస్తాయి. మందుని బట్టి, మోతాదుని బట్టి ఆ పొర మూడు నాలుగు నెలలు పనిచేస్తుంది. ప్రొడయామిన్ ఎక్కువ మోతాదులో వేస్తే ఇంకా పైనే. ‘గింజ మంచిది కాదండీ, ఒక్కటీ మొలవలేదు’ అని తిట్టుకునే వాళ్లలో చాలామంది వసంతంలో చల్లిన ఆ గుళికల సంగతి మర్చిపోయిన వాళ్లే. ఎరువులో కలిపి అమ్మే రకాలూ ఉన్నాయి, కాబట్టి ఎరువు సంచి కూడా ఒకసారి తిప్పి చూడండి. అనుమానంగా ఉంటే ఒక చిన్న కుండీలో లాన్ పై మట్టి నింపి, ఇంకో కుండీలో వేరే చోటి మట్టి నింపి, రెండింట్లో 20 గింజల చొప్పున వేసి నీళ్లు పెట్టండి. రెండు వారాల్లో తేలిపోతుంది.

ఇక ఒక్కో కలుపు సంగతి.

క్రాబ్‌గ్రాస్ గురించి టెన్షన్ పెట్టుకోవద్దు. దాని ఆయువు ఒక్క సీజనే. తొలి మంచు పడగానే దానంతట అదే పోతుంది. ఇప్పుడు అది గింజ పట్టే సమయం కాబట్టి కంకులు రాలకుండా పీకి అవతల పారేస్తే చాలు. దీనికోసం క్విన్‌క్లోరాక్ అనే మందు ఉంది, కానీ చచ్చే ముసలిదాన్ని చంపడానికి ఖర్చెందుకు? వచ్చే వసంతంలో మట్టి వేడి 13 డిగ్రీలకి చేరేలోపు, అంటే అది మొలవక ముందే అడ్డుకోవడం తేలిక. మీ కొత్త గడ్డి అప్పటికి ముదిరి ఉంటుంది కాబట్టి ఇందాక చెప్పిన గుళికలు అప్పుడు వాడుకోవచ్చు.

డాండిలయన్, క్లోవర్ దగ్గర మీ పద్ధతి పనికొస్తుంది. ముందురోజు సాయంత్రం లాన్‌ని బాగా తడపండి. మర్నాడు పొడుగాటి సన్నటి కొంకితో పక్క నుంచి గుచ్చి లేపితే డాండిలయన్ తల్లివేరు ముల్లంగిలా బయటికి వస్తుంది. సగంలో తెగితే ‘టప్’మని చేతికి తెలుస్తుంది. అలా తెగినచోట పాలు కారతాయి. ఆ మిగిలిన ముక్క మళ్లీ చిగురేస్తుంది, ఒక్కోసారి రెండు తలలతో. పదింటిలో మూడు తెగినా నష్టం లేదు. ఇప్పుడు మనకి కావలసింది మొలక పైకి వచ్చేదాకా ఖాళీ చోటు, అంతే. 120 చదరపు మీటర్లంటే ఇద్దరు కూర్చుంటే రెండు సాయంత్రాల పని. పిల్లల్ని కూడా దించండి, వేరు తెగకుండా లాగడం వాళ్లకి ఆటలా ఉంటుంది.

తుంగని మాత్రం పీకకండి. పీకితే ఆకులు చేతికొస్తాయి, కింద గడ్డలు భూమిలోనే ఉండిపోతాయి. తల్లి పోయిందని తెలియగానే పక్క గడ్డలు లేస్తాయి. మీ వెడల్పాకు మందు కూడా దాన్ని పెద్దగా చేసేదేం లేదు. తుంగ అటు వెడల్పాకూ కాదు, ఇటు గడ్డీ కాదు. కాడని రెండు వేళ్ల మధ్య పట్టి తిప్పి చూడండి, మూడు అంచులు తగులుతాయి. హాలోసల్ఫ్యూరాన్ లాంటి మందులు దానికని ఉన్నాయి గానీ, వాటికీ గింజకీ మధ్య కూడా వారాల ఎడం కావాలి. ‘అక్కడక్కడా’ అన్నారు కాబట్టి ఈసారికి వదిలేయండి. వచ్చే వేసవి మొదట్లో, లేత ఆకులు వేసి కొత్త గడ్డలు పెట్టకముందు దాని పని పట్టొచ్చు.

గరిక ఒక్కటే ఇప్పుడు మందు కోరే మొక్క. నిజానికి గరిక కొన్నిచోట్ల లాన్‌కి రాణి. వేడి ప్రాంతాల్లో కోరి నాటుకుంటారు. ఫెస్క్యూలో పడితే మాత్రం పంటి కింద రాయి. నేల కిందా, పైనా తీగలు పాకిస్తుంది. పలుగుతో తవ్వితే ప్రతి ముక్కా ఒక మొక్క అవుతుంది. చలికి తాను ఎండి గోధుమ రంగు మచ్చలా మిగిలి, వేసవిలో మళ్లీ లేచి మీ ఫెస్క్యూని తినేస్తుంది. దీనికి ఒట్టి గ్లైఫోసేట్, ఆ మూల మట్టుకే. కొట్టే ముందు వారం పాటు ఆ మూల కత్తిరించకండి, నీళ్లు పెట్టండి. పచ్చగా, హుషారుగా ఎదుగుతుంటేనే మందు కింది తీగలదాకా పోతుంది. కొట్టాక వారం రోజుల దాకా ముట్టుకోవద్దు. మళ్లీ చిగురు కనిపిస్తే ఇంకోసారి. ఒక్క దెబ్బకి చస్తుందని ఎవరైనా చెబితే వాళ్లు గరికతో ఎప్పుడూ తలపడలేదన్నమాట. మీకున్న 12 రోజుల్లో ఒక విడత పడుతుంది. ఆ మూల మాత్రం గింజ ఇప్పుడు వేయకుండా, వచ్చే ఏడాది వేసవిలో అది పచ్చగా ఉన్నప్పుడు మరో రెండు విడతలు కొట్టి, అప్పటి శరత్తులో వేయమని నా సలహా. తొందరపడి ఇప్పుడే వేస్తే వచ్చే ఏడాది మీరు కొట్టే మందుకి కొత్త గడ్డి కూడా పోతుంది.

మందు కొట్టేటప్పుడు గాలి ఉండకూడదు. ఒక రోజంతా వాన రాదని తెలిశాకే మొదలుపెట్టండి. గ్లైఫోసేట్ కలపడానికి తేట నీళ్లే వాడండి. బురద నీళ్లలో కలిపితే అది ఆ మట్టికే అతుక్కుని స్ప్రేయర్‌లోనే సగం చస్తుంది. మోతాదు పెంచితే త్వరగా చస్తుందనే ఆశ అందరికీ ఉంటుంది. ఆకు ముందే మాడిపోతే మందు వేరు దాకా పోయే దారి మూసుకుపోతుంది, పై ఆకు పోయి కింద వేరు మిగులుతుంది. నాజిల్ మోకాలి కన్నా కిందకి దించి, ముతక తుంపర వచ్చేలా తిప్పుకోండి. పొగమంచులా వస్తే గాలికి ఎటుపోతుందో తెలియదు. టమాటా, ద్రాక్ష తీగలకి 2,4-డి గిట్టదు. ఆ స్ప్రేయర్ మీద ‘కలుపు మందు’ అని మార్కర్‌తో పెద్దగా రాసి, ఇక దేనికీ వాడకండి. నేను ఒకసారి కడిగాను కదా అని దాంతోనే టమాటా మొక్కలకి ద్రవ ఎరువు కొట్టాను. నాలుగు రోజుల్లో చిగురాకులన్నీ సన్నగా, ముడుచుకుని ఫెర్న్ ఆకుల్లా వచ్చాయి. ఆ ఏడాది మాకు టమాటాలు లేవు.

పిల్లలూ కుక్కా అన్నారు. మీ భయం అర్థమైంది, అందులో తప్పేం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ 2015లో గ్లైఫోసేట్‌ని ‘మనుషుల్లో బహుశా క్యాన్సర్ కలిగించవచ్చు’ అనే 2ఏ వర్గంలో పెట్టింది. 2,4-డిని అదే ఏడాది అంతకన్నా ఒక మెట్టు కింద, 2బీలో పెట్టింది. అమెరికా ప్రభుత్వ పర్యావరణ పరిరక్షణ సంస్థ మాత్రం గ్లైఫోసేట్ వల్ల మనుషులకి క్యాన్సర్ వచ్చే అవకాశం లేదనే అంటోంది. ఈ రెండూ వేర్వేరు ప్రశ్నలకి జవాబులు. ఐఏఆర్‌సీ చూసేది ఆ పదార్థానికి హాని చేసే గుణం ఉందా లేదా అని. మామూలు వాడకంలో ఒంటికి ఎంత తగులుతుంది, దాంతో ఎంత ప్రమాదం అన్నది దాని లెక్కలోకి రాదు. నా మటుకు నేను ఈ వాదంలో తీర్పు చెప్పను, వాడకం తగ్గిస్తాను. చేతికి రబ్బరు తొడుగులు, ఫుల్ ప్యాంటు, మూసి ఉన్న బూట్లు, పని అయ్యాక బట్టలు విడిగా ఉతకడం. తడి పూర్తిగా ఆరేదాకా పిల్లల్నీ కుక్కనీ అటు వెళ్లనీయకూడదు. లేబుల్ ఇంకా ఎక్కువసేపు ఆగమంటే అంతసేపూ ఆగాలి. కుక్క గడ్డి కొరికే రకమైతే నేనైతే ఇంకో రోజు ఆపుతాను. మీ విషయంలో ఒక్క గరిక మూలకే మందు, అదీ తాడు కట్టి వేరు చేసుకోగల చోటు. కాబట్టి పెద్ద ఇబ్బంది ఉండదు.

‘గింజ చల్లే రోజే కొట్టగలిగే మందు లేదా?’ అని మీ వారు అడుగుతారు, నాకు తెలుసు. ఉంది, మెసోట్రయోన్. టాల్ ఫెస్క్యూ గింజ వేసేటప్పుడు వాడటానికి అనుమతి ఉన్న కొద్దివాటిలో అదొకటి. మొలిచే కలుపు ఆకుల్లో పచ్చదనం నిలవకుండా చేస్తుంది, దాంతో అవి సున్నం కొట్టినట్టు తెల్లబడి చస్తాయి. దీని పుట్టుక నాకు భలే ఇష్టం. 1977లో కాలిఫోర్నియాలో ఒక రసాయన శాస్త్రజ్ఞుడు తన పెరట్లో బాటిల్ బ్రష్ చెట్టు కింద కలుపు పెద్దగా మొలవడం లేదని గమనించాడు. ఆ చెట్టు వదిలే పదార్థాన్ని విడదీసి, దానిలాంటి వాటిని తయారుచేస్తూ పోగా చివరికి మెసోట్రయోన్ వచ్చింది. మీ లాన్‌లో ఖాళీ మట్టి ఎక్కువగా తేలితే దీని గురించి ఆలోచించండి. లేబుల్ మీద మీ గడ్డి పేరు ఉందో లేదో మాత్రం చూసుకోండి, అన్ని గడ్డి రకాలకీ ఇది పడదు.

ఖాళీ మట్టి అంటే గుర్తొచ్చింది. గింజ వేయడానికి దంతెతో గీకినప్పుడల్లా కింద నిద్రపోతున్న కలుపు గింజలు వెలుతురు చూస్తాయి. అవి ఎంతకాలం నిద్రపోగలవో తెలుసా? 1879లో అమెరికాలోని మిషిగన్‌లో విలియం బీల్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు 20 సీసాల్లో ఇసుక, కలుపు గింజలు కలిపి పాతిపెట్టాడు. 2021లో తీసిన సీసాలోంచి కూడా కొన్ని మొలిచాయి, 142 ఏళ్ల తర్వాత! కాబట్టి ‘కలుపు అంతా పోయాక గింజ వేద్దాం’ అంటే ఎవరి తరమూ కాదు. ఖాళీ మచ్చల్ని ఇవాళే పైపైన గీకి, రోజూ కొంచెం తడుపుతూ ఉండండి. పది రోజుల్లో కలుపు మొలకలు వస్తాయి. పదకొండో రోజు ఎండలో వాటిని కొడవలి కొనతోనో, పారతోనో నేలమట్టంగా చెక్కేయండి. మట్టిని తిరగేయకండి. మర్నాడు గింజ. మీ 12 రోజుల గడువు దీనికి సరిగ్గా సరిపోతుంది.

చల్లే ముందు గడ్డిని 5 సెంటీమీటర్ల దాకా పొట్టిగా కోసి, కోసిన గడ్డిని ఎత్తేయండి. పైన స్పాంజిలా ఎండు పొర ఉంటే దంతెతో లాగేయండి. గింజ మట్టిని తాకాలి, అదొక్కటే రూలు. పైన గింజ చల్లడానికి ఫెస్క్యూ చదరపు మీటరుకి 20 గ్రాములు చాలు. అంటే మీకు దాదాపు రెండున్నర కిలోలు. 5 కిలోలూ గుమ్మరిస్తే మొలకలు ఒకదాని అన్నం ఒకటి లాక్కుని నీరసపడతాయి. మిగిలింది గాలి తగలని డబ్బాలో, చల్లటి చోట దాచండి, గరిక మూలకి పనికొస్తుంది. మొదటి రెండు వారాలు రోజుకి రెండు మూడుసార్లు పైపైన తడపండి. గింజ ఒకసారి ఉబ్బి ఎండిందంటే ఇక లేవదు.

కొత్త గడ్డిని మూడు నాలుగుసార్లు కోసేదాకా మీ వారి మొదటి డబ్బా మూత తియ్యొద్దు. ఆ తర్వాత చలి ముదరకముందు, మెత్తటి ఎండ ఉన్న రోజొకటి దొరికితే మిగిలిన డాండిలయన్ మీద, మొక్క మొక్కకీ విడిగా కొట్టుకోమనండి. ఆ కాలంలో అవి ఆకుల్లోని ఆహారాన్ని వేరుకి పంపి దాచుకుంటాయి, మందూ దాంతోపాటే దిగిపోతుంది. ఎండాకాలంలో కొట్టే మందు కన్నా అప్పటిది ఎక్కువ పనిచేస్తుంది. చలి ముందే వచ్చేస్తే వసంతం దాకా ఆగండి. అలా మందు కొట్టాక మొదటి కొన్ని కోతల్లో వచ్చిన గడ్డిని కూరగాయల పాదుల్లో కప్పొద్దు, ఎరువు గుంటలో కూడా వేయొద్దు.

అటకెక్కిన ఆ రెండో డబ్బాని పారబోయకండి, కాలవలో అసలే వద్దు. బిల్లు ఉంటే కొన్నచోటే తిరిగి ఇచ్చేయండి. వాడి తీరాలని మీ వారు పట్టుబడితే, లాన్ కన్నా పల్లంలో ఉండి, చుట్టుపక్కల చెట్ల వేర్లు రాని కంకర చోటు ఏదైనా మీ స్థలంలో ఉందేమో చూసుకోమనండి. లాన్ పక్క దారి మీద మాత్రం వద్దు.